విమర్శ వచ్చినప్పుడు, పని కుదరనప్పుడు: వృత్తి ఫొటోగ్రాఫర్‌కు ఒక దారి

ఒక పెళ్లి ఫొటోలు 612 పంపించిన మర్నాడు రాత్రి నాకు రెండు వాక్యాల సందేశం వచ్చింది. "ఫొటోలన్నీ చూశాం. మేం అనుకున్నట్టు లేవు." చదవడానికి రెండు క్షణాలు కూడా పట్టని ఆ మాటల నుంచి తేరుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ నేను ఫొటోల గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాకసలు ఈ పని వచ్చా, ఇన్నాళ్లూ బాగున్నాయన్నవాళ్లు మొహమాటానికి అన్నారా, కెమెరా అమ్మేసి వేరే పని చూసుకుంటే నయమా అని నా గురించే ఆలోచించాను. ఐదో రోజు ధైర్యం చేసి ఫోన్ చేశాను. "ఏ ఫొటో చూసినప్పుడు అలా అనిపించింది?" అని అడిగాను. పెళ్లికూతురు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "ఫొటోలు బాగానే ఉన్నాయండీ. మా అమ్మమ్మ ఒక్క ఫొటోలోనూ సరిగ్గా కనిపించలేదు."

మాట పడింది ఫొటోల మీద. నేను దాన్ని ఎత్తి నా నెత్తిన పెట్టుకున్నాను. ఈ వృత్తిలో మనలో చాలామంది చేసేది ఇదే. విమర్శను మన మీద నుంచి దించి, అది పుట్టిన ఫ్రేమ్ దగ్గరకు తిరిగి తీసుకువెళ్లడమే ఇక్కడ నేను చెప్పబోయే పద్ధతి. పని కుదరని రోజుకు కూడా ఇదే పనికొస్తుంది. ఆ రోజు మొత్తాన్ని తలచుకుని బెంగపడకుండా, చేతిలో ఉన్న తర్వాతి ఒక్క ఫ్రేమ్ దగ్గరకు రావాలి.

మొదటి అడుగు: ఆ రాత్రి జవాబు రాయకండి

విమర్శ చదవగానే ముందు స్పందించేది ఒళ్లు. చెవులు వేడెక్కుతాయి, గుండె దడదడలాడుతుంది, వేళ్లు ఫోను మీదకు పరుగెడతాయి. ఆ స్థితిలో రాసే జవాబులు రెండే రకాలు. ఒకటి వాదన: వెలుతురు లేదు, మీరు ఆలస్యంగా వచ్చారు, ముందే చెప్పాను కదా. రెండోది లొంగుబాటు: క్షమించండి, మొత్తం మళ్లీ చేసిస్తాను, డబ్బు వెనక్కి ఇచ్చేస్తాను. రెండోది మరీ ప్రమాదం. అసలు ఫిర్యాదు ఏమిటో తెలియకముందే తప్పంతా మనదేనని ఒప్పుకున్నట్టు అవుతుంది. తెల్లారాక ఆ మాట వెనక్కి తీసుకోలేం.

ఇందులో అలసట పాత్ర కూడా పెద్దదే. పొద్దున్నే లేచి, పగలంతా నిలబడి షూట్ చేసి, అర్ధరాత్రి దాకా ఫైళ్లు కాపీ చేసుకుంటూ కూర్చున్నప్పుడే చాలా సందేశాలు కంటబడతాయి. 17 నుంచి 19 గంటలు నిద్ర లేకుండా ఉన్నవారి పనితీరు కొన్ని పరీక్షల్లో రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారితో సమానంగా, ఒక్కోసారి అంతకన్నా అధ్వానంగా ఉందని 2000లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. ఆ మత్తులో ఉన్న మనిషి చేత మీ వ్యాపార ఉత్తరాలు రాయించరు కదా. నిద్రలేని మీ చేత కూడా రాయించకండి.

అలాగని మౌనంగా ఉండిపోవడమూ మంచిది కాదు. అవతలివారు దాన్ని నిర్లక్ష్యంగా తీసుకుంటారు. నేను ఒక చిన్న సందేశం ముందే రాసి ఫోనులో దాచుకున్నాను: "మీ సందేశం అందింది. మీరు చెప్పిన విషయం శ్రద్ధగా చూసి, రేపు సాయంత్రంలోగా నేనే ఫోన్ చేస్తాను." ఇందులో క్షమాపణ లేదు, సమర్థన లేదు. మాట ఇచ్చిన వేళకు ఫోన్ చేయడం మాత్రం తప్పనిసరి.

ఇక మిగిలిన కోపం, బాధ కాగితం మీద పెట్టండి. ఎవరికీ పంపకూడదు, మీరు కూడా మళ్లీ చదవనక్కరలేదు. ఒక పావుగంట రాసి, ఫోను వేరే గదిలో పెట్టి పడుకోండి.

రెండో అడుగు: "ఏ ఫొటో?" అని అడగండి

"బాగాలేవు" అన్న మాటతో మనం చేయగలిగింది ఏమీ లేదు. "ఫలానా ఫొటోలో నా ముఖం ఇలా ఉంది" అన్న మాటతో చేయగలిగింది చాలా ఉంది. మొదటి మాటను రెండో మాటగా మార్చడం మన బాధ్యత. క్లయింట్‌కు ఫొటోల గురించి మాట్లాడే భాష తెలియదు, తెలియాలని ఆశించకూడదు కూడా.

రాతలో కాకుండా ఫోనులో అడగండి. గొంతు వినిపిస్తే సగం కోపం చల్లారుతుంది. నేను ఎప్పుడూ రెండు విషయాలు అడుగుతాను. మీకు బాగా నచ్చిన మూడు ఫొటోలు, అస్సలు నచ్చని మూడు ఫొటోలు చెప్పండి అని. నచ్చినవి అడగడం పొగడ్త కోసం కాదు. ఆ మూడింటినీ ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా దానంతట అదే బయటపడుతుంది. నచ్చినవన్నీ బయట ఎండపొద్దులో తీసినవి, నచ్చనివన్నీ హాలు లోపల తీసినవి అయితే, వాళ్లు వెలుతురు గురించి మాట్లాడుతున్నారు. నచ్చినవన్నీ నవ్వుతూ కదులుతున్నవి, నచ్చనివన్నీ నిలబెట్టి తీసినవి అయితే విషయం వేరు.

వాళ్లు చెబుతున్నంతసేపూ మధ్యలో అడ్డు రాకండి. వాళ్ల మాటల్ని వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "ముఖం ఉబ్బినట్టుంది" అని వాళ్లంటే మీరు "లెన్స్ సమస్య" అని రాసుకోకండి. వైద్యుడు రోగి చెప్పిన బాధను ముందు ఉన్నదున్నట్టు రాసుకుంటాడు, రోగ నిర్ణయం ఆ తర్వాత.

మూడో అడుగు: మాట వెనుక ఏముందో వెతకండి

ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి. క్లయింట్ చెప్పే ఫిర్యాదుకూ అసలు కారణానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. పదే పదే ఎదురయ్యేవి కొన్ని చెబుతాను.

"నేను ఇలా ఉండను." పోర్ట్రెయిట్ తీసేవారు అందరికన్నా ఎక్కువ వినే మాట ఇది. మనిషి తన ముఖాన్ని రోజూ చూసుకునేది అద్దంలో. అద్దం కుడిఎడమలు తారుమారు చేసి చూపిస్తుంది. ఏ ముఖమూ రెండు వైపులా సరిసమానంగా ఉండదు కాబట్టి, ఫొటోలో నిజమైన దిశలో కనిపించే ముఖం సొంతదారుకే కొత్తగా అనిపిస్తుంది. 1977లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో కొందరికి వాళ్ల ఫొటోనే రెండు రకాలుగా, మామూలుగానూ అద్దంలోలా తిప్పీ, చూపించారు. సొంతదారులు తిప్పిన ఫొటోవైపు, వాళ్ల స్నేహితులు మామూలు ఫొటోవైపు మొగ్గారు. ఇది తెలిశాక నాకు ఆ మాట వింటే బాధ కలగడం చాలావరకు తగ్గింది. ఇప్పుడు ఎవరైనా అలా అంటే, "ఈ ఫొటో ఇంట్లోవాళ్లకు ఒకసారి చూపించి, వాళ్లేమంటారో చెప్పండి" అంటాను. చాలాసార్లు ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది.

చాలాసార్లు అన్నాను, ప్రతిసారీ అనలేదు. ఎందుకంటే కొన్నిసార్లు తప్పు నిజంగా మనదే. "ముక్కు పెద్దగా ఉంది", "ముఖం ఉబ్బింది" అంటే ముందు మీరు ఎంత దూరంలో నిలబడ్డారో గుర్తు తెచ్చుకోండి. ముఖం ఆకారాన్ని మార్చేది లెన్స్ కన్నా దూరం. బాగా దగ్గరగా వెళితే ముక్కు కెమెరాకు చెవులకన్నా మరీ దగ్గరవుతుంది, అందుకే పెద్దదవుతుంది. 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో ఒక గణిత నమూనా లెక్కగట్టింది. మీటరున్నర దూరానికి వచ్చేసరికి ఈ తేడా దాదాపు పోతుంది. ఇరుకు గదిలో వైడ్ లెన్స్ వేసి దగ్గరకు జరిగి తీసిన ఫొటో గురించి ఎవరైనా అలా అంటే, వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం.

"ఫొటోలు చీకటిగా ఉన్నాయి." ఇది విన్నప్పుడు ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుతురు మోతాదు) తప్పిందని కంగారు పడకముందు, వాళ్లు ఎక్కడ చూశారో అడగండి. ఎండలో ఫోను పట్టుకుని చూశారా? బ్యాటరీ ఆదా కోసం తెర వెలుగు తగ్గించి ఉందా? ప్రింటు చూసి అంటున్నారా? ప్రింట్లు నల్లగా వస్తున్నాయంటే అనుమానించాల్సింది మన ఎడిటింగ్ తెరను. ప్రింటు కోసం చేసే పనిలో తెర వెలుగు చదరపు మీటరుకు 80 నుంచి 120 కాండెలాల (వెలుగును కొలిచే ప్రమాణం) మధ్య పెట్టుకోవడం వాడుక. కొత్త తెరలు పెట్టెలోంచి తీసినప్పుడు అంతకు రెండింతలకు పైగా వెలుగుతుండవచ్చు. అంత వెలుగులో కూర్చుని "ఇంకొంచెం తగ్గిద్దాం" అని మనం ఫొటోలను చీకట్లోకి నెట్టేస్తాం. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే పటం) చూస్తే ఇది తెలిసిపోతుంది.

"రంగులు ఏదోలా ఉన్నాయి." రెండు రకాల వెలుతురు కలిసిన చోట ఇది వస్తుంది. కిటికీ వైపు చెంప నీలంగా, బల్బు వైపు చెంప పసుపుగా పడితే ఒక్క వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగును సరిచేసే అమరిక) రెండు చెంపలనూ సరిచేయలేదు. ఫొటోను ముక్కలుగా విడదీసి దిద్దాలి, లేదా నలుపు తెలుపుకు మార్చాలి.

"మీ పాత ఫొటోల్లా లేవు." దీన్ని తేలిగ్గా తీసుకోకండి. వాళ్లు మన దగ్గరకు వచ్చింది మనం చూపించుకున్న ఫొటోలు చూసి. మన ప్రదర్శనలో అన్నీ సాయంకాలపు ఎండలో తీసినవే పెట్టి, వాళ్ల పని రాత్రి హాల్లో ఒప్పుకుంటే, ఆ నిరాశకు విత్తనం మనమే వేశాం. ఇది చేతకానితనం కాదు, ముందే చెప్పకపోవడం. దిద్దుకోవాల్సింది మన ఫొటోల ఎంపిక.

ఇక, ఎవరో లేరు అన్న ఫిర్యాదు. మా పెళ్లికూతురిది అదే. దాని సంగతి చివర చెబుతాను.

నాలుగో అడుగు: ఫైలు తెరిచి, సాక్ష్యం చూడండి

ఫొటోగ్రఫీలో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, ఏం జరిగిందో ఫైలే చెబుతుంది. షట్టర్ వేగం, అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుంది), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం), లెన్స్, సమయం అన్నీ అందులో రాసి ఉంటాయి. బాధతో ఊహించుకోవడం కన్నా పది నిమిషాలు చదవడం మేలు.

ఉదాహరణకు "ఫొటో మసకగా ఉంది" అన్నారనుకోండి. పూర్తి సైజుకు పెంచి చూడండి. ఫ్రేమ్‌లో ప్రతి వస్తువూ ఒకే దిశలో చెదిరి ఉంటే చేయి వణికింది. నేపథ్యం చక్కగా ఉండి మనిషి మాత్రమే చెదిరితే, మనిషి కదలికకు షట్టర్ వేగం చాలలేదు. కళ్లు మసకగా ఉండి చెవో, వెనకున్న కుర్చీయో పదునుగా కనిపిస్తే ఫోకస్ తప్పు చోట పడింది. మూడింటికీ "మసక" అనే పేరే అయినా మూడు వేర్వేరు తప్పులు, మూడు వేర్వేరు మందులు. 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో సెకనులో 60వ వంతు దగ్గర తీసి ఉంటే, ఈసారి 250వ వంతుకు వెళ్లి ఐఎస్ఓ పెంచుకోవడమే జవాబు. కొంచెం గరుకుదనం కనిపిస్తే ఎడిటింగ్‌లో తగ్గించవచ్చు. చెదిరిన ముఖాన్ని మళ్లీ కూర్చడం మాత్రం కష్టం.

చూసింది చూసినట్టు ఒక పుస్తకంలో రాయండి: తేదీ, ఫిర్యాదు వాళ్ల మాటల్లో, ఫైలులో కనిపించింది, ఈసారి ఏం మారుస్తాను. నాలుగే గడులు. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకంలో ఒకే తప్పు మూడుసార్లు కనిపిస్తే, అది ఖర్చు పెట్టి నేర్చుకోవాల్సిన విషయం. ఒక్కసారే కనిపించింది ఆ రోజుది, అంతే.

ఒక హెచ్చరిక కూడా. మన కంటికి కనిపించే లోపం అందరికీ కనిపిస్తుందని అనుకోకండి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ 1936లో తీసిన వలస తల్లి ఫొటో ప్రపంచంలో అందరికీ తెలిసిన చిత్రాల్లో ఒకటి. ఆ ఫ్రేమ్ కుడివైపు కింది మూలలో డేరా గుంజను పట్టుకున్న ఒక బొటనవేలు ఉంది. లాంగ్ దాన్ని భరించలేక తర్వాత నెగటివ్ మీద చెరిపించారు. ఆ పని అప్పగించిన ప్రభుత్వ విభాగం అధిపతి రాయ్ స్ట్రైకర్‌కు అది నచ్చలేదు, ఫొటో నిజాయతీ దెబ్బతిందని ఆయన భావించారు. ఆ తల్లి ముఖం చూసినవాళ్లలో ఎంతమంది చూపు ఆ మూలకు వెళ్లి ఉంటుంది?

ఐదో అడుగు: జవాబు, దిద్దుబాటు

తప్పు మనదైతే ఒక్క వాక్యంలో ఒప్పుకోండి. "ఆ మూడు ఫొటోల్లో ఫోకస్ తప్పింది, పొరపాటు నాదే." వెంటనే ఏం చేయగలరో, ఎప్పటికి చేస్తారో చెప్పండి. క్షమాపణ పొడిగించిన కొద్దీ అవతలివారు మనల్ని ఓదార్చే పరిస్థితి వస్తుంది. వాళ్లకు ఆ భారం వద్దు.

రుచుల తేడా అయితే, పని మొదలవ్వకముందు రాసుకున్న ఒప్పందం దగ్గరకు వెళ్లాలి. ఎన్ని ఫొటోలు ఇస్తాం, ఎన్నిసార్లు దిద్దుతాం, రా ఫైళ్లు (కెమెరాలోంచి వచ్చిన, దిద్దని ఫైళ్లు) ఇస్తామా లేదా, ఎన్ని రోజుల్లో ఇస్తాం అన్నవి ముందే కాగితం మీద ఉంటే ఇప్పుడు ఎవరి మనసూ నొచ్చుకోదు. లేకపోతే ఈసారికి న్యాయంగా తోచింది చేసి, రేపే ఆ కాగితం తయారు చేసుకోండి.

ఫిర్యాదు అన్యాయమైతే మర్యాదగా కాదనండి. "మీ నిరాశ అర్థమైంది. మనం అనుకున్న ప్రకారం పని పూర్తయింది, అందువల్ల మళ్లీ షూట్ చేయడం కుదరదు. ఈ పది ఫొటోల రంగులు మాత్రం మీరు కోరినట్టు మార్చి ఇస్తాను." కాదనడం, ఇవ్వగలిగింది ఇవ్వడం రెండూ ఒకే జవాబులో ఉండవచ్చు. అందరూ చూసే చోట ఫిర్యాదు రాస్తే అక్కడ ఒకే ఒక్కసారి, రెండు వాక్యాల్లో, శాంతంగా జవాబిచ్చి మిగతాది నేరుగా మాట్లాడండి. తిట్లు, బెదిరింపులు విమర్శ కిందకు రావు. వాటికి జవాబు ఇవ్వకండి, భద్రపరచి ఉంచండి.

తోటివాళ్ల మాట, తెలిసినవాళ్ల మాట

క్లయింట్ విమర్శ ఒక ఎత్తు, సాటి ఫొటోగ్రాఫర్ల మాట ఇంకో ఎత్తు. ఇది ఎక్కువ గుచ్చుకుంటుంది, ఎందుకంటే వాళ్లకు పని తెలుసు.

జూలియా మార్గరెట్ కామెరాన్ 1863లో, 48 ఏళ్ల వయసులో కెమెరా పట్టారు. ఆమె తీసిన ముఖాల్లో ఫోకస్ మెత్తగా ఉండేది, ప్లేట్ల మీద మరకలూ చారలూ ఉండేవి. నాటి ఫొటోగ్రఫీ పత్రికలు ఆమెకు పని రాదని తేల్చేశాయి. 1976లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో విలియం ఎగుల్‌స్టన్ రంగుల ఫొటోల ప్రదర్శన పెడితే, పేరున్న విమర్శకులు చప్పగా ఉందని, విసుగు పుట్టిస్తోందని రాశారు. ఇవాళ కామెరాన్ పోర్ట్రెయిట్లూ, ఎగుల్‌స్టన్ ప్రదర్శనా ఫొటోగ్రఫీ చరిత్రలో మలుపులుగా నిలిచాయి.

ఈ కథలు చదివి ఉపశమనం పొందడం తేలిక. కానీ నా అభిప్రాయం సూటిగా చెబుతాను: తిట్లు తిన్న ప్రతివాళ్లూ గొప్పవాళ్లు కారు. ఆ ఇద్దరి కథలో నాకు ముఖ్యమనిపించేది వేరు. కామెరాన్ మెత్తటి ఫోకస్ ఆమె కోరి ఎంచుకున్నది. తను ఏం చేస్తోందో ఆమెకు తెలుసు. కాబట్టి తోటివాళ్లు ఏదైనా లోపం చూపించినప్పుడు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒకటే: ఇది నేను కావాలని చేశానా, లేక జరిగిపోయిందా? కావాలని చేస్తే నిలబడండి. జరిగిపోతే నేర్చుకోండి. జరిగిపోయినదానికి తర్వాత "అది నా శైలి" అని పేరు పెట్టకండి. అది మన ఎదుగుదలను ఆపేస్తుంది.

ఎవరి మాట వినాలో కూడా ముందే నిర్ణయించుకోండి. ఇద్దరు ముగ్గురు చాలు. మీకు నచ్చే ఫొటోలు తీసేవాళ్లు, మీ ముఖం మీద నిజం చెప్పగలిగేవాళ్లు. వాళ్లను "ఎలా ఉన్నాయి?" అని అడిగితే "బాగున్నాయి" అంటారు. "ఈ ఇరవైలో మీరైతే ఏ ఐదు తీసేస్తారు, ఎందుకు?" అని అడగండి. అప్పుడు పనికొచ్చే మాట వస్తుంది.

పని కుదరని రోజు: షూట్ మధ్యలో

కొన్ని రోజులు కన్ను తెరుచుకోదు. అలవాటైన చోటే నిలబడతాం, ఏ కోణమూ నచ్చదు, ప్రతి ఫొటో తర్వాత వెనుక తెర చూసుకుంటాం, చూసిన కొద్దీ నీరసం వస్తుంది. అనుభవం ఎంత ఉన్నా ఇలాంటి రోజులు రాకుండా ఆపలేం. వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే తెలిసి ఉండటమే వృత్తి చేసేవారికీ సరదాకు తీసేవారికీ ఉన్న తేడా.

ముందుగా, క్లయింట్‌తో అనకండి. "ఇవాళ ఎందుకో కుదరడం లేదండీ" అన్న ఒక్క మాటతో ఎదుటి మనిషి భుజాలు బిగుసుకుంటాయి, నవ్వు పోతుంది. దాంతో ఫొటోలు నిజంగానే పాడవుతాయి. "కార్డు మార్చుకుంటాను, రెండు నిమిషాలు" అని పక్కకు వెళ్లండి. నిజంగానే కార్డు, బ్యాటరీ చూసుకోండి. నీళ్లు తాగండి. చేతులు చేసే చిన్న పనితో మనసు కుదుటపడుతుంది.

తిరిగి వచ్చాక కొత్తదనం వెతకడం ఆపేయండి. ఇలాంటి రోజు కోసం ఒక ప్రాథమిక పద్ధతి కంఠతా వచ్చి ఉండాలి. నాది ఇది: 50 మిల్లీమీటర్ల లెన్స్ ఒక్కటే. అపర్చర్ 4 దగ్గర, షట్టర్ 250వ వంతు, ఐఎస్ఓ ఆటో. మనిషిని కిటికీ పక్కన, వెలుతురు ఒక పక్క నుంచి ముఖం మీద పడేలా నిలబెట్టడం. ముందు సాదాసీదా ఫొటో: నడుము దాకా, కళ్లు కెమెరా వైపు. తర్వాత దగ్గరగా ఒకటి. తర్వాత దూరంగా, గదంతా కనిపించేలా ఒకటి. ఆ మూడూ చేతికి వస్తే షూట్ మునిగిపోదు. వెనుక తెర చూడటం ఆపేయండి. ఎక్స్‌పోజర్ సరిచూసుకోవడానికి వెలుతురు మారినప్పుడు ఒకసారి చూస్తే చాలు.

విచిత్రంగా, ఇలా అలవాటు పని మొదలుపెట్టిన కాసేపటికే చాలాసార్లు కన్ను మళ్లీ తెరుచుకుంటుంది. మంచి ఫొటో కావాలన్న పట్టుదల వదిలి, ఎదుటి మనిషిని చూడటం మొదలుపెడతాం కాబట్టి అనుకుంటాను.

లాంగ్ ఆ వలస తల్లి ఫొటో తీసిన రోజు గుర్తు చేసుకుంటాను అప్పుడప్పుడు. నెల రోజుల ప్రయాణం ముగించి, వానలో, అలసిపోయి, కారులో ఇంటికి తిరిగి వెళుతున్నారు ఆమె. బఠానీ కోసే కూలీల శిబిరం అని ఉన్న బోర్డు కనిపించినా ఆగలేదు. తన పని అయిపోయిందని తనకు తానే నచ్చజెప్పుకుంటూ దాదాపు 20 మైళ్లు ముందుకు వెళ్లాక, కారు వెనక్కి తిప్పారు. ఆ శిబిరంలో ఆమె గడిపింది కొద్దిసేపే. ఆ రోజు ఆమెలో ఉత్సాహం ఉందని ఎవరూ అనలేరు. కారు తిప్పడం మాత్రం చేశారు.

ఆ రోజు తర్వాత

ఇంటికి రాగానే ఫైళ్లు రెండు చోట్ల కాపీ చేయండి. అంతవరకే. ఆ రాత్రి ఎంపిక చేయకండి, ఒక్క ఫొటో కూడా తీసేయకండి. పాడైన మూడ్‌లో చూస్తే మంచి ఫ్రేములు కూడా పాడుగానే కనిపిస్తాయి.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ తను తీసిన ఫిల్మును వెంటనే కడిగేవారు కాదు, కొన్నిసార్లు ఏడాదికి పైగా ఆగేవారు. తీసినప్పటి ఉద్వేగం తన ఎంపికను ప్రభావితం చేయకూడదన్నది ఆయన ఉద్దేశం. 1984లో ఆయన మరణించేసరికి కడగని ఫిల్ము రీళ్లు దాదాపు 2,500 మిగిలిపోయాయి. ఆ కొసదాకా మనం వెళ్లక్కరలేదు, మనకు గడువులుంటాయి. రెండు రాత్రుల దూరం చాలు. మూడో రోజు ఉదయం, కళ్లు తాజాగా ఉన్నప్పుడు, ముందు చిన్న సైజులో అన్నీ ఒకేసారి చూడండి. ఎక్కడా ఆగకుండా ముందుకు సాగండి, చూపు ఆగినవి మాత్రం గుర్తుపెట్టండి. కుదరలేదనుకున్న రోజు నుంచి నాకు ఎప్పుడూ ఊహించినదానికన్నా ఎక్కువే దొరికాయి.

ఎడిటింగ్‌లో కూడా కొంత తిరిగి సంపాదించుకోవచ్చు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రోదయాన్ని తీసినప్పుడు లైట్ మీటర్ చేతికి దొరకలేదు. చంద్రుడి వెలుగు తనకు తెలుసు కాబట్టి దాన్ని బట్టి లెక్కగట్టి ఒక ఎక్స్‌పోజర్ ఇచ్చారు, రెండోది ఇచ్చేలోపు ఎండ పోయింది. ఆ నెగటివ్ ముద్రించడానికి చాలా కష్టమైనది. 1948లో దాని కింది భాగాన్ని రసాయనంతో బలపరిచారు, తర్వాత దశాబ్దాల పాటు ఆకాశాన్ని ముదురు చేస్తూ మళ్లీ మళ్లీ ముద్రించారు.

రోజులు వారాలైతే

ఒక్క రోజు కుదరకపోవడం వేరు. వరుసగా పది షూట్లు అలాగే సాగితే కారణం వెతకాలి. ముందు క్యాలెండర్ చూడండి. రెండు షూట్ల మధ్య ఒక్క ఖాళీ రోజు కూడా లేకపోతే, అది కన్ను అలసట, ప్రతిభ తగ్గడం కాదు. నేను ప్రతి పెద్ద పని తర్వాత ఒక రోజు దేనికీ ఒప్పుకోను. ఆదాయం కొంత తగ్గింది, ఆ మాట నిజం. పని మాత్రం నిలబడింది.

ఎవరికీ ఇవ్వనక్కరలేని ఫొటోలు తీయండి. వారానికి ఒక గంట, మీకు ఇష్టమైన ఒకే ఒక్క విషయం: నీడలు, చేతులు, కిటికీలు, ఏదైనా. ఎవరికీ చూపించకండి. ఎవరి మెప్పూ అవసరం లేని చోట కన్ను త్వరగా కోలుకుంటుంది.

ఇష్టమైన పనులేవీ సంతోషం ఇవ్వకుండా, నిద్ర, ఆకలి చెడి, దాదాపు ప్రతిరోజూ మనసు భారంగా రెండు వారాలు దాటితే, దాన్ని వృత్తి సమస్య అనుకోకండి. వైద్యుణ్ని కలవండి. దానికి చికిత్స ఉంది. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకండి, ఆ రోజే ఎవరికైనా చెప్పండి.

అమ్మమ్మ ఫొటో

ఆ ఫోన్ పెట్టేశాక నేను తీసిన ఫైళ్లన్నీ, ఇచ్చిన 612 మాత్రమే కాకుండా పక్కన పెట్టిన వేలల్లో కూడా, మొదటి నుంచి చూశాను. ఈసారి నన్ను కాదు, ఆమెను వెతుకుతూ. చాలావాటిలో ఆమె అంచున ఉంది: ఒక భుజం, వెనక్కి దువ్వుకున్న తెల్ల జుట్టు, కుర్చీ చేతి మీద ఒక చేయి. ఒక ఫ్రేమ్‌లో పెళ్లికూతురు ముందు నిలబడి ఎవరితోనో మాట్లాడుతోంది, ఫోకస్ ఆమె మీద ఉంది. వెనుక కొంచెం మసకగా అమ్మమ్మ. మనవరాలినే చూస్తోంది, పెదవులు కొద్దిగా తెరుచుకుని. అపర్చర్ 2.8 అని ఫైలులో ఉంది. అది 5.6 అయి ఉంటే, లెన్స్ తక్కువ తెరుచుకుని వెనకున్నవీ పదునుగా వచ్చేవి కాబట్టి, ఆ ముఖం ఇంకా స్పష్టంగా ఉండేది. ముందున్న మనిషిని సగానికి కత్తిరించి, అమ్మమ్మను మధ్యకు తెచ్చి, నలుపు తెలుపు చేసి పంపించాను. ఫోకస్ తప్పిందని కూడా రాశాను. మొత్తం ఏడు ఫొటోలు దొరికాయి.

వాళ్లు ఆ మసక ఫొటోనే పెద్దదిగా ప్రింటు వేయించుకున్నారు.

అప్పటి నుంచి ఏ పనికైనా ముందు కూర్చుని మాట్లాడేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతున్నాను: "ఎవరి ఫొటో లేకపోతే మీకు బాధ కలుగుతుంది?" వాళ్లు చెప్పిన పేర్లు చిన్న చీటీ మీద రాసి, కెమెరా సంచి మూతకు లోపలివైపు అంటిస్తాను. లెన్స్ మార్చిన ప్రతిసారీ కనిపిస్తుంది.